రికార్డు పాటకు చేతులూపిన కండక్టరు సారు

మొన్న సెలవునాడు మా గదిలో ఉండే ఆడవాళ్ళతో కలిసి అజ్మాన్‌లో సరుకులకు వెళ్ళాను. దుకాణంలో ఎక్కడినుంచో వయొలిన్లు వినిపించేసరికి చేతిలో బెండకాయలు అక్కడే వదిలేసి బయటికొచ్చేశాను. ఎందుకో పడుచుపిల్లలకు చెబితే నవ్వుతారు, నా ఈడు వాళ్ళు మీరైతే నవ్వరు.

కరోనా వచ్చిన ఏడాది నేను దుబాయ్‌లో ఒక హంగరీ సారు ఇంట్లో వంట చేసేదాన్ని. ఆయన కండక్టరని ఫోన్లో చెబితే, రాజోలులో ఉన్న మా చెల్లి, బస్సు కండక్టరు వంటమనిషిని పెట్టుకున్నాడా అని ఒకటే నవ్వు. వయొలిన్లూ బాకాలూ పట్టుకున్న అంతమందికి ఎదురుగా నిలబడి, చేతిలో చిన్న పుల్లతో వాళ్ళందరినీ నడిపించే పని అని చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. హంగరీలో ఏ పాట వాయించాలో కూడా సర్కారే చెప్పే రోజుల్లో, కుర్రవయసులో ఆయన దేశం విడిచి వచ్చేశారట. ఎన్నో దేశాల్లో పేరు తెచ్చుకుని, ముసలితనంలో ఇక్కడి కంపెనీ ఒకటి పిలిస్తే కొత్త బృందాన్ని తయారు చేయడానికి వచ్చారు. రిహార్సల్ నుంచి ఇంటికొచ్చాక కూడా ఆయన వేళ్ళు భోజనాల బల్ల మీద ఆడుతూనే ఉండేవి, మేడమ్ గారు నవ్వుతూ ఆ చేతిమీద చెయ్యి వేసి ఆపేవారు.

కరోనాతో కచేరీలు ఆగిపోయాయి, వాయించేవాళ్ళు ఒక్కొక్కరే విమానమెక్కి వెళ్ళిపోయారు. మేడమ్ గారికి క్యాన్సర్ అని తేలింది కూడా అప్పుడే. సారుకి ఉద్యోగం ఉంటేనే వీసా, వీసా ఉంటేనే ఆవిడకు వైద్యం.

ఆంక్షలు తీసేశాక కంపెనీ ముదీర్, అదే మేనేజరు, ఇంటికొచ్చాడు. హోటల్లో పెద్ద విందు ఉందనీ, పాట రికార్డులో వస్తుందనీ, కోట్లు తొడిగిన కొందరు వాయించినట్టు నటిస్తారనీ, సారు వాళ్ళ ముందు నిలబడి చేతులూపితే చాలనీ చెప్పాడు.

"కుదరదంటే ఖలాస్ సార్, మీ కాంట్రాక్టు ఉండదు," అన్నాడు, నేనిచ్చిన టీ తాగుతూనే.

అతను వెళ్ళాక సారు వంటింటి గుమ్మంలో నిలబడి, నాతోనో గోడతోనో అన్నారు: "అక్కడ ఏం వాయించాలో చెప్పేవారు. ఇక్కడ అసలు వాయించొద్దంటున్నారు."

అయినా వెళ్ళారు. మేడమ్ గారికి తోడుగా నేనూ వెళ్ళాను. పాట మంచి ఊపులో ఉండగా రికార్డు టక్కున ఆగిపోయింది. ఆయన చేతులు మాత్రం ఇంకా గాలిలో కదులుతున్నాయి. బల్లల దగ్గర నవ్వులు మొదలయ్యాయి. మేడమ్ గారు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. సారు చేతులు దించి, నవ్వుతున్నవాళ్ళకు వంగి దణ్ణం పెట్టారు.

మిషను చేసిన తప్పుకి పరువు పోయిందంటూ కంపెనీ ఆయన వీసానే రద్దు చేసింది. వైద్యం సగంలో ఉండగానే, మేడమ్ గారి చెల్లెలు ఉంటున్న ఏదో చలిదేశానికి ఇద్దరూ వెళ్ళిపోయారు. ఏడాది తిరక్కుండా ఆవిడ పోయారు. ఆ కబురు సారే ఫోన్ చేసి చెప్పారు; సమాధి చేసేముందు చర్చిలో ఏ పాట పాడారని నేనడిగితే, ఏ పాటా వద్దన్నానని చెప్పారు.

మేము దుబాయ్ వచ్చిన కొత్తలో, పని బాగా వచ్చినవాళ్ళకు ఎక్కడైనా నిలువనీడ దొరుకుతుందని ఒకళ్ళకొకళ్ళం ధైర్యం చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు గదిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు బెంగపడితే, ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది.