అత్తగారి దద్దుర్లు

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నదున్నట్టు చెప్పడం నాకు చేతకాదు. పరాయిదేశంలో మేముండే చాండ్లర్ ఎండ గురించి అడిగితే, కార్ బానెట్ మీద అట్టు పోసుకుని తిన్నానంటాను. కనక ఇందులో సగం తీసేసి నమ్మండి.

మా ఇంట్లో ఆరు నెలలుండడానికి వచ్చిన అత్తగారి ఎడమకాలు వాచింది. తిరుగు ప్రయాణంలో ఆ కాలికి వేరే టికెట్ కొనాలేమోనన్నంత వాపు. అల్ట్రాసౌండ్‌లో తొడపైన రక్తనాళాలు సరిగ్గా కనపడలేదు. పాదంలో సూది పెట్టి, నాళాలు కనపడేలా డై అనే మందు ఎక్కించి, ఎక్స్‌రేలు తీస్తామన్నారు. ఫోన్‌లో తెలుగు అనువాదకుణ్ణి పెడతామంటే, "నేనున్నాగా" అని సంతకం పెట్టేశాను.

ఇదివరకెప్పుడైనా డై ఒంటికి పడకపోవడం ఉందా అని టెక్నీషియన్ అడిగింది. నేను తెలుగులో అడిగాను.

"ఎందుకు లేదు బాబూ! కడుపునొప్పని మీ మావయ్యగారు స్కాన్‌కి తీసుకెళ్ళారా, ఆటోవాడు గతుకులన్నీ వెతికి మరీ పోనిచ్చాడు. క్యాంటీన్‌లో ఇడ్లీ రాయి. మందెక్కించాక ఒళ్ళంతా దద్దుర్లు. ఇడ్లీ వల్లేనన్నారు మీ మావయ్యగారు..."

ఆ ఇడ్లీల గోలలో దద్దుర్ల మాట నా చెవిన పడలేదు. "నో" అన్నాను.

"ఆవిడ చాలాసేపు మాట్లాడారే?" అంది టెక్నీషియన్.

"ఇడ్లీల గురించి" అన్నాను. ఆమె నవ్వింది.

డై ఎక్కుతుంటే ఒళ్ళు వెచ్చబడడం మామూలేనని ముందే చెప్పారు. అద్దం ఇవతల మైకు దగ్గర నేను.

"వెచ్చగా ఉంది బాబూ."

"మామూలే అత్తయ్యగారూ."

"దురదగా ఉంది."

అదీ మామూలేనన్నాను.

ఈలోగా టెక్నీషియన్ అత్తగారి మెడ చూసి పరుగెత్తింది. మెడ మీద దద్దుర్లు ఏడు ఖండాల్లా లేచాయి. డై ఆపి, ఇంజెక్షన్ ఇచ్చి, రెండు గంటలు పక్కనే కూర్చున్నారు. "ముందే తెలిస్తే వేరే పరీక్ష చూసేవాళ్ళం, లేదా నిన్నటినుంచే మాత్రలిచ్చేవాళ్ళం. గొంతు వాచి ఉంటే?" అన్నాడు డాక్టరు.

కార్‌లో అత్తగారు, "మీరు అంతా విడమరిచి చెప్పబట్టే బాబూ, విరుగుడు సూది సిద్ధంగా పెట్టుకున్నారు" అన్నారు.

ఇక నేను కల్పించింది చెప్తాను. అట్టు కాదు, అట్టు నిజంగానే పోశాను. దద్దుర్ల మాట చెవిన పడలేదన్నది కల్పన. స్పష్టంగా పడింది. చెబితే ఆ రోజు పరీక్ష చేయరు, నేను ఇంకోసారి హాఫ్ డే లీవ్ పెట్టాలి. పుట్టి బుద్ధెరిగాక నేను తగ్గించి చెప్పింది అదొక్కటే.

అత్తగారు ఫోన్‌లో వాళ్ళ చెల్లెలికి నా తెలివి గురించి చెప్పినప్పుడల్లా, ఏదో వెతుక్కుంటున్నట్టు గరాజ్‌లోకి వెళ్ళిపోతాను.