కంపెనీ ఇంటర్వ్యూలో మా ఏనుగులు

పాతబస్తీలోని మా తాతగారి దేవిడి, అంతటి భవంతి, పరుల చేతికి పోయి, వీధివైపు గది ఒక్కటే మాకు మిగిలిన రోజులవి. బేగంబజార్‌లోని ఒక గిన్నెల దుకాణం గుమాస్తా నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చేవాడు. ముప్ఫై దాటినవాడు. దీపావళికి దుకాణం ఎత్తేస్తున్నానని సేఠ్ చెప్పేశాడు. ఆలోగా సికింద్రాబాద్‌లో ఏదైనా కంపెనీలో కుదురుకోకపోతే పిల్లలను తీసుకుని అత్తవారింటికి పోవలసిందే.

జీతానికి చదువు చెప్పడం మా వంశంలో లేదు. అతడు నెలనెలా బియ్యం తెచ్చి గుమ్మం లోపల పెట్టేవాడు. నేను అటు చూసేవాణ్ణి కాను.

అతడి సందేహాలన్నీ కంపెనీల చుట్టూనే. కంపెనీని ‘ఇట్’ అనాలా, ‘దే’ అనాలా? వేజెస్‌కూ శాలరీకీ తేడా ఏమిటి? మేనేజరుతో ‘ఐ వాంట్ లీవ్’ అంటే తప్పా? సంస్థగా చూస్తే ఇట్, అందులోని మనుషులను తలచుకుంటే దే అని చెప్పాను. వేజెస్ కూలివాళ్లకు, శాలరీ గుమాస్తాలకు. సెలవు కావాలంటే ‘మే ఐ హావ్’ అనాలి. ఒకసారి చెప్పింది మరిచేవాడు కాడు. నేను తాతగారి కుర్చీలో మేనేజరునై కూర్చుని ప్రశ్నలు వేస్తే, ఎదుట నిలబడి ఒక్క తప్పు లేకుండా జవాబులిచ్చేవాడు.

అయినా మొదటి కంపెనీ అతణ్ణి తీసుకోలేదు.

“ఏమడిగాడయ్యా?” అన్నాను.

“నీ ఇంగ్లీషెట్లుంటదని అడిగిండు దొరా. వెరీ పూర్ సర్ అన్న.”

“ఎందుకన్నావు?”

“మరి గట్లనే అంటరు గద! ‘అరె, మంచిగనే ఉంది’ అంటడనుకున్న. ఆయనేమో రాసుకున్నడు.”

“దుకాణంలో నీ పనేమిటని అడగలేదా?”

“అడిగిండు. అంతా సేఠ్ మెహర్బానీ, నేను చేసిందేం లేదన్న.”

ఏళ్ల తరబడి ఆ దుకాణాన్ని నడిపినవాడు అతడే. ఆ మాటే పాతబస్తీలో అని ఉంటే, మర్యాదస్తుడని వెంటనే పనిలో పెట్టుకునేవారు. ఆ మేనేజరు తెల్లవాడు. ఏమీ చేయనివాడు తనకెందుకనుకున్నాడు.

ఆనాటి నుంచి ‘మై ఇంగ్లీష్ ఈజ్ గుడ్’ అనే ఒక్క వాక్యమే మా పాఠం. నేల చూస్తూ మొదలుపెట్టి సగంలో ఆగిపోయేవాడు.

“నా గొప్ప నేనెట్ల చెప్పుకుంట దొరా? సిగ్గయితది. మీరైతే చెప్పుకుంటరా?”

“మా గొప్ప మేం చెప్పుకోము. ఇతరులు చెప్పేవారు.”

“గిప్పుడెవరు చెప్తున్నరు?”

ఆ రోజుకు పాఠం ముగించాను.

పండుగ ముందు రెండో కంపెనీ పిలిచింది. సాయంత్రం మిఠాయి పొట్లంతో వచ్చాడు.

“నౌకరీ అయింది దొరా!”

“గుడ్ అన్నావా?”

“అనలే, నోరు రాలే. గీ ఇంగ్లీషు నీకెవరు చెప్పిండ్రని అడిగిండు. గంతే, మీ ముచ్చట షురూ చేసిన. మీ దేవిడి, మీ తాతగారు, నాకు పాఠం చెప్పేటప్పుడు మీ కోపం, అన్నీ ఇంగ్లీషులనే చెప్పిన. ఆయన చాయ్ చల్లగయింది. ఆఖరికి, చాలు, సోమవారం నుంచి రా అన్నడు.” మిఠాయి పొట్లం నా ముందు పెడుతూ, “ఏనుగులు గూడ ఉండె అన్న,” అన్నాడు.

“ఎన్ని?”

“రెండు.”

మాకు ఏనుగు ఏనాడూ లేదు. గుర్రాలు మాత్రం మంచివి ఉండేవి.

“మళ్లీ అడిగితే గుర్రాల సంగతి కూడా చెప్పు,” అన్నాను.