బ్రేకు ఇన్‌స్పెక్టరూ మైళ్ల మీటరూ

పాడేరు జిల్లా కేంద్రమైన ఏడాది, వానాకాలంలో నన్ను అక్కడికి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా వేశారు. అది ప్రభుత్వం పెట్టిన పేరు. జనానికి మాత్రం నేను బ్రేకు ఇన్‌స్పెక్టరునే. ఆ పేరు ఒకసారి ఒక డాక్టరు గారి కొంప ముంచబోయింది.

పెదబయలు ఆసుపత్రిలో పనిచేసే డాక్టర్ సుభద్ర ఆ ఊరి ఆడపడుచే. చిన్నప్పుడే పోలియోతో కాళ్లు చచ్చుబడ్డాయి. ఇంగ్లండులో పైచదువు ముగించి వస్తూ, అక్కడ నడిపిన కారును వెంట తెచ్చుకున్నారు. దానికి బ్రేకూ యాక్సిలరేటరూ చేత్తోనే. స్టీరింగు మనకులాగే కుడివైపు. స్పీడోమీటరు మాత్రం మైళ్లలో ఉంది. దాన్ని కిలోమీటర్లకు మార్చాకే రిజిస్ట్రేషన్ అనే షరతుతో కస్టమ్స్ వారు బండిని విడిచారు. అప్పటిదాకా అన్నగారు బొంజుబాబు కాఫీతోట పని మానుకుని ఆవిడను జీపులో తిప్పుతున్నారు. ఈ కారు రోడ్డెక్కకపోతే మైదానానికి బదిలీ అడగక తప్పదని ఆవిడ నాతో ముందే చెప్పారు.

తనిఖీకి బొంజుబాబు కారును లారీ మీద తెచ్చారు, డాక్టరు గారూ వెంట వచ్చారు. బ్రేకులకు వంక పెట్టడానికి లేదు. మీటరులో మాత్రం అవే మైళ్లు. ఇదేమిటని అడిగాను.

“తమరు బ్రేకినస్పెక్టరు గారు గదా బాబూ! బ్రేకులే సూత్తారని అయ్యే సేయించేం. మైళ్లయితే ఏటి, దూరం మారిపోతాదేటి?”

నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఘాట్‌లో ముప్పై అని బోర్డు ఉంటుంది. ఈ ముల్లు ముప్పై చూపేసరికి బండి నలభై ఎనిమిదిలో పోతుంటుంది. కుదరదన్నాను. డాక్టరు గారు తల దించుకున్నారు. నాకు మనసు చివుక్కుమంది.

మామూలుగా తిరస్కరణ రాసిస్తే మా పని అయిపోయినట్టే. ఆ రోజు మాత్రం ఇద్దరినీ కూర్చోబెట్టి, విశాఖలో మీటరు డయలు ఎలా మార్పించాలో, ఏ ధ్రువపత్రం తేవాలో వివరించి, బొంజుబాబు చేత తిరిగి చెప్పించాను.

డయలు మార్చుకుని వచ్చారు. నేను పక్కసీట్లో కూర్చున్నాను. ఘాట్ ఎత్తులో ఆపి, మళ్లీ కదలమన్నాను. ఆవిడ చేతిమీట నొక్కి ఆపారు. వెనక్కి జారనివ్వకుండా కదిలించారు. ముల్లు ముప్పై దాటలేదు. దిగి సంతకం పెట్టాను.

“అయితే రేపట్నించి నాను తోటకెళ్లిపోవచ్చునేటి?” అన్నారు బొంజుబాబు. బదిలీ మాట ఇక ఎత్తనని డాక్టరు గారు అన్నారు.

కుదరదనడం మా పనిలో సగమే. ఏం చేస్తే కుదురుతుందో చెప్పేదాకా తనిఖీ పూర్తికాదని నాకు పాడేరులో తెలిసింది.