అంగడి అంకుల్ చూడని పిట్ట

పోయిన మంగళవారం టార్నీట్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉండగా సిడ్నీ నుంచి ఆంటీ ఫోన్ చేశారు. "మీ అంకుల్ పొద్దున పోయినాడమ్మా" అని ఒక్క మాట చెప్పి, నేను ఏడవకముందే నన్ను ఓదార్చడం మొదలుపెట్టారు. రెండు రైళ్లు వచ్చి వెళ్లాయి. నాకు ఎక్కబుద్ధి కాలేదు.

మేమంతా ఆయన్ని అంగడి అంకుల్ అనేవాళ్లం. కర్నూలు నుంచి వచ్చి సిడ్నీ శివారు టూంగాబీలో సరుకుల కొట్టు పెట్టుకున్నారు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న వైటూకే భయం పుణ్యమా అని వీసా దొరికి దిగిన మాలాంటివాళ్లకు చింతపండుతో పాటు అద్దె ఇళ్ల ఆచూకీ, చనువుగా నాలుగు చీవాట్లు కూడా అక్కడే దొరికేవి. బయట ఏదైనా పిట్ట కూస్తే చాలు, తూకం మధ్యలో వదిలేసి గుమ్మంలోకి వెళ్లిపోయేవారు. "పప్పు యాడికీ పోదు, అది పోతాది" అనేవారు. మిగతా తూకం మేమే వేసుకునేవాళ్లం.

తొంభైతొమ్మిది అక్టోబరులో ఉత్తర క్వీన్స్‌లాండ్ వాన అడవుల్లో, మబ్బులు దిగే కొండల్లో పక్షుల్ని చూపించే యాత్రకు ఆయనా ఆంటీ పేర్లిచ్చుకున్నారు. తీరా బయల్దేరే వేళకు ఆంటీకి మోకాళ్లు పట్టేశాయి. ఆయన పైకి చూస్తూ ఏ లోయలోనో పడతారని భయపడి, తన బదులు నన్ను పంపారు. వైటూకే గడువు ముంచుకొస్తున్న రోజులు. మా మేనేజరు ఐదు రోజుల సెలవు ఇస్తూ, రోజూ తొమ్మిదింటికి బస నుంచి ఆఫీసుకు ఫోన్ చేయాలని షరతు పెట్టాడు. మరిచిపోతానేమోనని నా చేతి గడియారానికి అలారం పెట్టుకున్నాను.

మేం ఆరుగురం, దారి చూపే గైడు ఒకావిడ. జలగలు పట్టిన ప్రతివాడి దగ్గరికీ అంకుల్ కొట్లోంచి తెచ్చిన ఉప్పు పొట్లంతో పరిగెత్తేవారు. ఆయన మనసంతా ఒక్క బంగారు రంగు పిట్ట మీదే ఉంది. కొండల పైన మాత్రమే ఉండే ఆ మగపిట్ట పుల్లలతో గోపురం కట్టి, తెల్ల పూలతో అలంకరించి, ఆడపిట్ట కోసం ఎదురుచూస్తుందట. గైడు అది చెప్పగానే ఆయన నాతో, "వానిది గూడా అంగడేనమ్మా. సరుకు సర్దుకోని గిరాకీ కోసం కూసుంటాడు" అన్నారు.

నాలుగో రోజు పొద్దున ఆ పుల్లల గోపురం ఎదుట గంటసేపు ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. మంచు కాస్త విడింది. పిట్ట ముక్కున పువ్వుతో దిగింది. నాకు ఎదురుగా కనిపిస్తోంది. అంకుల్‌కు ఒక చెట్టు మాను అడ్డం. ఆయన మెల్లగా నా వైపు జరుగుతుండగా నా గడియారం మోగింది. పిట్ట ఎగిరిపోయింది.

ఎవరిదని గైడు కోపంగా అడిగింది. నేను గడియారాన్ని అరచేత్తో కప్పేశాను. అంకుల్ చెయ్యెత్తి, తనదేనని, క్షమించమని చెప్పారు. ఆయన చేతికి గడియారమే లేదు. పొడుగు చేతుల చొక్కా మా ఇద్దరి పరువూ కాపాడింది. తర్వాత మంచు దట్టంగా కమ్మేసింది, పిట్ట మళ్లీ రాలేదు. ఆలస్యంగా ఫోన్ చేస్తే, ఆఫీసులో విశేషమేమీ లేదన్నారు.

ఇలాంటి యాత్రల్లో రోజూ సాయంత్రం గైడు ఆనాటి పిట్టల పేర్లు చదువుతుంది. చూసినవాళ్లు చూశామనాలి. వినడమే అయితే దానికి వేరే గుర్తు. మీరూ అక్కడే ఉన్నారు కదా, చూసినట్టే రాసుకోనా అని ఆవిడ అంకుల్ మీద జాలిపడింది. వద్దు, రెక్కల చప్పుడే విన్నానన్నారు. నాతో మాత్రం, "సూడంది సూసినానంటే, ఇంగ ఆ కొండ మింద నాకేం మిగుల్తాదమ్మా" అన్నారు. నా వంతు రాగానే చూశానని గొణిగాను.

మరుసటి ఏడు మళ్లీ తీసుకొస్తానని విమానంలో మాటిచ్చాను. వైటూకే వచ్చి వెళ్లింది. ఉద్యోగాలు మారాయి, ఊరు మారింది. ఏటా అక్టోబరులో ఆయన ఫోన్ చేసి, "ఆడ వానలు బాగ పడినాయంట" అనేవారు. అంతే, ఇంకేమీ అడిగేవారు కాదు. నాకు అర్థమయ్యేది. ఈ ప్రాజెక్టు అయిపోనీ అంకుల్ అనేదాన్ని. ప్రాజెక్టులు అయిపోయేవి కావు. ఈలోగా చక్కెర జబ్బు ఆయన చూపు తినేసింది. నన్ను నేను క్షమించుకోలేని సంగతి ఇది ఒక్కటే.

రెండు నెలల కిందట వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో ఆఖరిసారి కలిశాను. నావల్లే కదా అంకుల్ అని మొదలుపెట్టబోతే మధ్యలోనే ఆపేశారు.

"అది ఇడ్సిపెట్టు. నువ్వు సూసినావు గదా. ఎట్లుండ్యా సెప్పు."

ఇన్నేళ్లలో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పొట్టంతా పచ్చని పసుపు అన్నాను. వీపు కాస్త ముదురు, రెక్కల మీద మంచు తడి. ముక్కున ఉన్న పువ్వును పుల్లల మధ్య పెట్టింది, నచ్చలేదేమో తీసింది, మళ్లీ పెట్టింది. అంకుల్ పడుకున్నచోటే రెండు పిడికిళ్లూ కళ్ల దగ్గరికి తెచ్చుకున్నారు. దుర్భిణి సరిచేసుకుంటున్నట్టు ఒక వేలు గాలిలో మెల్లగా కదులుతోంది. నాకు గుర్తున్నది అంతటితో అయిపోయింది. ఆపితే ఆ చేతులు దించేస్తారని, పువ్వు దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాను.