షాకీర్ జమేదార్‌కు గుర్తు తెలియనివి

మా ఠాణా హెడ్ కానిస్టేబుల్ షాకీర్ జమేదార్ చేతికి కలం ఇస్తే ముందు ‘గుర్తు తెలియని’ అని రాస్తాడు. ఆ తర్వాతే ఏం జరిగిందని అడుగుతాడు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆయన గుర్తుపట్టిన దొంగ ఒక్కడూ లేడు.

ఇంట్లోనూ అంతే. ఆయన భార్య రుఖయ్యా చాచీ ఖాళీ గిన్నె చూపించి “ఖీమా ఎవరు తిన్నరు?” అంటే, మీసం తుడుచుకుంటూ “గుర్తు తెలియని వ్యక్తి” అనేవాడు.

దుర్గవ్వ కోడి పోయిన రోజు నేను ఠాణాలోనే ఉన్నాను. కొలువు లేనివాణ్ని, నాలుగు పుస్తకాలు చదివినవాణ్ని కాబట్టి ఎవరికి ఫిర్యాదు ఉన్నా తోడు నన్నే రమ్మనేవారు.

“మా మరిది సారయ్య ఎత్కపోయిండు సారూ” అంది దుర్గవ్వ.

“గుర్తు తెలియని వ్యక్తి...” జమేదార్ పైకి చదువుతూ రాస్తున్నాడు.

“గుర్తెందుకు తెల్వది? మా ఇంటెన్కనే ఉంటడు!”

“ఎన్క ఉన్నోని మొఖం ఎట్ల కనవడ్తదవ్వా?”

ఆ సాయంత్రం జమేదార్ సారయ్య ఇంట్లో చాయ్ తాగి వచ్చాడు. తెల్లారేసరికి కోడి దుర్గవ్వ గంప కింద ఉంది. కేసు మూసేశాడు. నాకు ఒళ్లు మండింది. ఇట్లాంటి వాళ్లు జీతం తీసుకుంటున్నారు, నేను ఊరికే తిరుగుతున్నాను.

ఊరికే అంటే పూర్తిగా ఊరికే కాదు. అది 2011, సకల జనుల సమ్మె. బస్సులు లేవు, బడులు లేవు, కరెంటు ఉంటే ఉంది, లేకుంటే లేదు. ఏ సర్కారును దిగిపొమ్మని పగలంతా అరుస్తున్నానో, ఆ సర్కారు గ్రంథాలయంలోనే కొలువుకు రాత పరీక్ష పాసై కూర్చున్నాను. పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది. ఆ కాగితం షాకీర్ జమేదార్ టేబుల్ మీద ఉంది. ఒక్క కేసు పడితే కొలువు పోయినట్టే.

అప్పుడే మా కోరుట్లలో ఎక్కడా బ్యానర్ కట్టొద్దని హుకుం వచ్చింది. నేల మీద వద్దన్నారు, ఆకాశం మీద వద్దనలేదు కదా అన్నాను మావాళ్లతో. సిరిసిల్ల నుంచి నాలుగు గజాల పల్చటి పాలిస్టర్ గుడ్డ, వేములవాడ నుంచి ఎనభై గ్యాసు బుగ్గలు, అదే బెలూన్లు, తెచ్చాం. ఎనభై బుగ్గలతో మోటారుసైకిల్ నడపడం నడపడం కాదు, బతిమాలడం. గుడ్డ మీద ‘జై తెలంగాణ’ అని రాసి, బుగ్గలకు కట్టి పట్టపగలే వదిలాం. గాలికి గుడ్డ చుట్టుకుపోయి ఎండకు తళతళ మెరుస్తూ మేడిపల్లి వైపు పోయింది.

మూడో రోజు పై ఆఫీసు నుంచి ఠాణాకు కాగితం: “ఆకాశంలో సంచరించిన గుర్తు తెలియని వస్తువుపై విచారణ జరిపి నివేదిక పంపగలరు.”

జమేదార్ దాన్ని కళ్లకద్దుకున్నాడు. సర్కారు తనంతట తాను ఆయన మాట వాడడం అదే మొదటిసారి.

“జలపతీ, నీ బండి తియ్” అన్నాడు నాతో. సీటు వెనక వేలాడుతున్న దారం ముక్క చూసి ఆగాడు. “గిదేంది?”

“దారం, చాచా.”

“గుర్తు తెలియని దారం” అని తెంపి జేబులో వేసుకున్నాడు.

మేడిపల్లిలో మొదటి సాక్షి బాలలక్ష్మి.

“ఎట్లున్నదమ్మా?”

“వంకాయ లెక్క.”

“ఎటు పోయింది?”

“మీదికి.”

“మీదికంటే ఎక్కడికి?”

“మీదికంటే మీదికే సారూ. కిందికొస్తే పట్టుకోకపోదునా?”

రెండో సాక్షి శశిధర్ రావు. ఆ వస్తువు తన మక్కచేను అర ఎకరం తినేసిందని, నష్టపరిహారం ఇప్పించాలని అన్నాడు. అదిప్పుడు తన బాయి కాడ ట్రాన్స్‌ఫార్మర్ మీద కూర్చుందని చెప్పి, దూరంగా గట్టు మీదే నిలబడిపోయాడు. కరెంటు కోత నడుస్తోంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్‌కు కూడా ఆ సంగతి తెలియదు. కానీ సర్కారు ఆస్తి. చిన్న కేసు కాదు.

జమేదార్ వెదురు కట్టెతో గుడ్డను లాగి నేల మీద పరిచాడు. ‘జై తెలంగాణ’. దాని కింద నా అందమైన దస్తూరిలో:

“ఇట్లు, జలపతి మిత్ర బృందం, కోరుట్ల.”

ఏ బ్యానర్ రాసినా కింద ‘ఇట్లు’ రాయకుండా మా చెయ్యి ఆగదు. దొంగచాటు బ్యానర్‌కూ ఆగలేదు.

“ఏం రాసున్నది జమేదార్?” గట్టు మీది నుంచి శశిధర్ రావు కేకేశాడు.

“తెల్వది రావు సాబ్! నాది ఉర్దూ మీడియం!”

తర్వాత నా బండి సీటు మీద కాగితం పెట్టుకుని, గుండ్రటి తెలుగులో రాశాడు: “వస్తువు మీద గుర్తు తెలియని లిపి కలదు.”

“చాచా...” అన్నాను.

“ఇట్లు రాయకుంటే ఎవడన్న కొడ్తడార?” అన్నాడు గుడ్డ మడుస్తూ. “బండి తియ్.”

నెల తర్వాత నా విచారణ కాగితం పైకి పోయింది. అందులో, సర్వీసు మొత్తంలో ఒకే ఒక్కసారి, ఆయన రాసింది: “జలపతి నాకు బాగా గుర్తు తెలిసిన వ్యక్తి. కేసులు లేవు.”

కొలువు వచ్చింది. ఆ గుడ్డ జమేదార్ ఇంటి గుమ్మానికి పరదా అయింది, తలకిందులుగా. అడిగితే “ఉర్దూ మీడియం ఆయన గదా, ఎటు మీదనో తెల్వలే” అంది రుఖయ్యా చాచీ.

రాష్ట్రం వచ్చిన రోజు మిఠాయి తీసుకుని వెళ్లాను. పరదా సరిగ్గా వేలాడుతోంది. ‘ఇట్లు’ కూడా కనబడుతోంది.

“చాచా, తెలుగు ఎప్పుడు నేర్చినవ్?”

లడ్డు నోట్లో వేసుకుని మీసం తుడుచుకున్నాడు.

“ఎవడో గుర్తు తెలియని వ్యక్తి నేర్పిండు” అన్నాడు.