కొయ్య కూరిన కారు

మా ఆయన కారు కట్టాడు. కొనలేదు, ఇల్లు కట్టినట్టు కట్టాడు. అప్పట్లో మా బంగారు గనుల ఊరిగాంలో కారున్నవాళ్ళంతా ఆఫీసర్లే. గనులు సర్కారు చేతికొచ్చి ఏళ్ళు గడిచినా ఆ వరస మారలేదు. భూమి లోపల రాళ్ళు మీద పడకుండా కొయ్య దుంగలు నిలబెట్టే పని మా ఆయనది. అలాంటి మనిషికి కారెందుకంటే, నా వల్ల.

నాకు బూదికోట బళ్ళో టీచరు ఉద్యోగం వచ్చింది. వేసవి సెలవులయ్యాక బడి తెరిచే రోజున వచ్చి చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని ఉత్తర్వులోనే రాసి ఉంది. మా అత్తగారికి చదవడం రాదు గనక ఉత్తర్వు చదవలేదు, తీర్పు మాత్రం చెప్పేసింది. ఇంటి కోడలు మగవాళ్ళ మధ్య బస్సులో నిలబడి పోవడానికి వీల్లేదట, కారున్నవాళ్ళ కోడళ్ళయితే ఉద్యోగం చేసుకోవచ్చట. వద్దు అనడానికి ఆవిడ అలా అంది. మా ఆయన దాన్ని వర్క్ ఆర్డరుగా తీసుకున్నాడు. నేనేమో సంతోషించాను. నా తెలివి అంత.

ఊరు విడిచిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం దగ్గర ఒళ్ళంతా తుప్పు తినేసిన పాత కారొకటి దొరికింది. చట్రం, ఇంజను మాత్రం బాగున్నాయి. బెంగళూరులో ఒక షెడ్డువాడు కారు ఒంటి భాగాలు ఫైబరుతో పోత పోసి అమ్ముతాడని తెలిసి తెప్పించాడు. రెండు తలుపులు, బానెట్, మడ్‌గార్డులు, పైకప్పు లారీలో గడ్డి మధ్య పడుకుని వచ్చాయి. వాటితోపాటు బిగించే పద్ధతి గీసిన బొమ్మ ఒకటి వచ్చింది. అది ఏ కారు బొమ్మో గానీ మాది మాత్రం కాదు.

నేను పట్టుకోవాలి, ఆయన బెజ్జం వేయాలి. ఆ రెండున్నర నెలలూ మా కాపురం అదే. కుడి తలుపు కుదిరితే ఎడమ తలుపు వేలెడు బయటికి పొడుచుకొచ్చేది. దాన్ని ఆకురాయితో రాచి రాచి కూర్చోబెడితే బానెట్ మూతి వంకర పోయేది. ఫైబరు పొడికి నాకు మోచేతులదాకా దద్దుర్లు. ఇక్కడిదాకా ఆయన్ని వెక్కిరించను, చేతిపని తెలిసిన మనిషి. బడి తెరవడానికి ఇంకా మూడు వారాలుందనగా మా వాకిట్లోది కారులాగే కనిపించింది. అప్పుడు తట్టి చూశాడు.

గనిలో దిగినవాళ్ళు పని మొదలుపెట్టేముందు ఇనుప గడ్డపారతో నెత్తి మీది రాయిని తట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టిది. డొల్లగా పలికితే లోపల పగిలిందని, ఏ క్షణాన్నయినా పడుతుందని అర్థం. వెంటనే దాని కింద కొయ్య పెట్టాలి. ఇరవై ఏళ్ళు ఆ చెవితో బతికిన మనిషి ఇంట్లో కూడా దేన్నీ తట్టకుండా వదిలేవాడు కాదు. పెళ్ళిచూపుల్లో నన్ను తట్టి చూడలేదు, అంతే. ఫైబరు తలుపు తడితే ఎలా పలుకుతుంది? డొల్లగానే పలుకుతుంది. అది దాని జాతి లక్షణం. ఆయన మొహం మాడిపోయింది.

తలుపు లోపలి ఖాళీలో మేకుల్లాంటి కొయ్య ముక్కలు కూరడం మొదలుపెట్టాడు. నా పొయ్యిలోకని గని నుంచి వచ్చే దుంగ ముక్కలవి. వాటి మధ్య రంపపు పొట్టు, బంక కలిపి కొట్టాడు. షిఫ్టు దిగి వచ్చిన నలుగురు నేస్తులు చుట్టూ నిలబడి, గుళ్ళో గంట కొట్టినట్టు తలా ఒకసారి తట్టి, ఇక్కడ డొల్ల, అక్కడ డొల్ల అని చెప్పి నా చేతి కాఫీ తాగి పోయేవారు. వాళ్ళలో ఒక్కడూ స్టీరింగు ముట్టినవాడు కాదు. తలుపు బరువుకి కీళ్ళు జారితే గేటు కీళ్ళు తెచ్చి వేశారు. పైకప్పుకు లోపలివైపు అడ్డకర్రలు వేసి పలకలు కొట్టారు. నేను కూర్చుని చూస్తే తల తగిలింది.

ఇక ఓపిక పట్టలేక అడిగాను. "ఇది గని కాదు కదండీ. పైన ఆకాశం తప్ప ఏముండాది పడేదానికి?"

ఆయన సుత్తి కింద పెట్టలేదు. "డొల్లగా ఉండాదే. దీని కింద కూచునేది నువ్వు కదా," అన్నాడు.

మా పెళ్ళికి ముందు ఆయన తట్టి, డొల్ల అని చెప్పిన రాయి కిందనే మేస్త్రీ పని చేయించాడు. ఆయన పక్కనున్న జతగాడు ఇంటికి తిరిగి రాలేదు. ఆ సంగతి తెలిసినదాన్ని గనక మళ్ళీ వాదించలేదు. జాలిపడ్డాను. జాలిపడి ఊరుకున్నందుకు కారు ఇంకా బరువెక్కింది.

బడి తెరిచే రోజు పొద్దున్నే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కర్పూరం వెలిగించి బయల్దేరాము. కారు గౌరవం చూడాలని అత్తగారు వెనక సీట్లో కూర్చుంది. క్వార్టర్ల ముందు పల్లం కాబట్టి దర్జాగా దిగింది. పెద్దరోడ్డుకి ఎక్కే మిట్ట దగ్గర మూలిగింది. స్ప్రింగులు కుంగి, మడ్‌గార్డులు టైర్ల మీద కూర్చున్నాయి. రబ్బరు కమురు వాసన కొట్టింది, ఇంజను ఆగిపోయింది.

నేస్తులు పరిగెత్తుకొచ్చారు. లోపం ఎక్కడుందో తేల్చడానికి అందరూ తట్టడం మొదలుపెట్టారు. ఎక్కడ తట్టినా ఖంగుమంటోంది. మా ఆయన మొహంలో నిజంగా కాస్త సంతోషం కూడా చూశాను. నేను సంచీ తీసుకుని దిగాను. అత్తగారూ దిగబోయింది గానీ నా వెనకే మూసుకుపోయిన ఆ బరువు తలుపు తోయడం ఆవిడ వల్ల కాలేదు.

కిటికీలోంచి "యాడికి పోతా ఉండావు?" అంది.

"ఇస్కూలికి," అన్నాను.

తలుపు తెరుచుకునేలోపు బస్సెక్కేశాను. పట్టుగూళ్ళ బుట్టకీ పాలక్యానుకీ మధ్య నిలబడి బూదికోట పోయాను. ఎవరూ నన్ను కన్నెత్తి చూడలేదు. గంట కొట్టకముందే హెడ్‌మాస్టరు పుస్తకంలో కన్నడంలో సంతకం పెట్టాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి కారు వాకిట్లోకి చేరింది, ఎనిమిదిమంది తోశారట. అది మళ్ళీ కదల్లేదు. దాని పైకప్పు మాత్రం ఈనాటికీ పడలేదు.

అత్తగారు గొడవ చేస్తుందని గుండె రాయి చేసుకుని లోపలికి వెళ్ళాను. ఆవిడ చేటలో రాగులు చెరుగుతూ, తలెత్తకుండా అడిగింది. "రేపు బస్సు ఎన్ని గంటలకి? పొయ్యి ముందే ఎలిగిస్తాను."

అంతే. సంతోషించాలి కదా, నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు, ఆయన మీద కూడా కాదు. ఆ రెండున్నర నెలలూ బూదికోట బస్సు రోజూ అదే వేళకి మా వీధి చివర ఆగుతూనే ఉంది. నేను కారు తలుపు పట్టుకుని నిలబడి దాన్ని చూస్తూనే ఉన్నాను.