ఆదోనిలో మా ఆంధ్రా భోజనశాల

ఎమ్మిగనూరు దుప్పట్లు కొని గుంటూరు వైపు అమ్ముకునే మా ఆయనకు, ఆదోనిలో బస్సు దిగి రైలెక్కేటప్పుడల్లా ఒకటే దిగులు. పత్తి మార్కెట్టుకు ఇంతమంది వస్తున్నారు, వీళ్లకు అన్నం పెట్టే దిక్కెవరని. ఆ దిక్కు తనేనని తీర్మానించుకుని, నన్నూ నా వంటగిన్నెల్నీ రైలెక్కించాడు. కొత్తగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రోజులవి. తెలుగువాళ్లంతా ఒకటేనని సభల్లో చెబుతుంటే నమ్మినవాళ్లలో ఆయనొకడు.

ఆదోనిలో గది అడగబోతే ముందు "మీది యా దేశమప్పా?" అన్నారు. బర్మా నుంచి దిగినా అంత పరీక్షగా చూసేవాళ్లు కారేమో. తెలిసినవాళ్ల పూచీ లేనిదే ఇవ్వమన్నారు. చివరికి ఎమ్మిగనూరులో దుప్పట్లు నేసే పెద్దాయన బస్సెక్కి వచ్చి, మమ్మల్ని చూపిస్తూ "పరాయోళ్లే గానీ, మంచోళ్లేన్నా" అన్నాడు. ఆ 'గానీ' పుణ్యమా అని గది దొరికింది.

మా ఆయన గుమ్మం మీద ఎర్రటి అక్షరాలతో 'ఆంధ్రా భోజనశాల' అని బోర్డు పెట్టించాడు. ఆంధ్రా అంటే ఆ ఊళ్లో కోస్తావాళ్లని అర్థమట. చదివినవాళ్లు చదివినట్టే పక్క హోటల్లో బొరుగుల ఉగ్గాని తినడానికి పోయారు. సన్నబియ్యం అన్నం, ముద్దపప్పు, నెయ్యి అన్నీ పెట్టుకుని మేమిద్దరమే రోజూ విందు చేసుకునేవాళ్లం. జొన్నరొట్టె తినేవాళ్లకు నాగరికత నేర్పాలంటే కొంత ఓపిక పట్టాలని ఆయన నాకు ధైర్యం చెప్పేవాడు. ఆ నాగరికత ఆయనకే బాగా ఒంటబట్టి చొక్కాలు బిగువయ్యాయి.

ఒక మధ్యాహ్నం ఆస్పరి వైపు నుంచి పత్తి బండ్లు తోలుకొచ్చిన రైతులు లోపలికి వచ్చి బెంచీల మీద కూర్చున్నారు. మా ఆయన సంబరంగా విస్తళ్లు వేశాడు. వాళ్లు మూటలు విప్పి, ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టెలు ఆ విస్తళ్లలో పెట్టుకున్నారు. ఇది హోటలేగానీ సత్రం కాదని ఆయన వివరించబోయాడు. వాళ్లలో పెద్దవాడు వంటింటి గడపలో ఉన్న నావైపు తిరిగాడు.

"అన్నం మాకొద్దు తల్లీ. లోపల ఏందో కమ్మగా వాసనొస్తాంది, అది రోంత ఎయ్యి. ఎంతో సెప్పు, ఇచ్చి పోతాం."

అది గోంగూర పచ్చడి. మా ఆయన కళ్లెర్రజేస్తుండగానే వడ్డించాను. మర్నాడు ఇంకొన్ని బండ్లు ఆగాయి. కొన్నాళ్లకు నేను కూరలూ పచ్చళ్లే వండసాగాను. అన్నం మా ఇద్దరికే.

మరుసటేడు మా మరిది చూడ్డానికి వచ్చి, జనాన్ని చూసి నోరు తెరిచాడు. పరాయి ఊరి నాడి పట్టుకోవాలంటే ఎంత తెలివి కావాలో, భోంచేస్తున్నంతసేపూ మా ఆయన అతనికి బోధించాడు. లోపల గోంగూర నూరుతూ అంతా విన్నాను. ఆ తెలివి ఏ సంతలో కొన్నాడో అడుగుదామనిపించింది గానీ, బయట బండ్లు ఆగిన చప్పుడైంది.